ఇంట్లో కంప్యూటర్‌కి ఆడియో ఇంటర్‌ఫేస్ కలపడం ఎలా: ఒక్కో వైరు పెట్టండి, ప్రతిసారీ వినండి

పాట నేర్చుకుంటున్నవాళ్లు, పద్యాలు పాడేవాళ్లు, కథలు చదివి వినిపించేవాళ్లు, ఆన్‌లైన్‌లో వీణ పాఠాలు చెప్పేవాళ్లు విజయవాడ, గుంటూరుల్లో చాలామంది ఇంట్లోనే రికార్డింగ్ చేసుకుంటున్నారు. ముందు ఫోన్‌తో మొదలుపెడతారు. అది చాలదనిపించాక ఓ మైకూ, ఓ ఆడియో ఇంటర్‌ఫేసూ కొంటారు. మైకులో పడ్డ శబ్దాన్ని కంప్యూటర్‌కి అర్థమయ్యే డిజిటల్ రూపంలోకి మార్చి అందించే చిన్న పెట్టె ఈ ఇంటర్‌ఫేస్. డబ్బా విప్పి, వైర్లన్నీ ఒకేసారి గుచ్చేస్తారు. శబ్దం రాదు. లేదా ఒక చెవిలోనే వస్తుంది. లేదా గొంతుతో పాటు గుయ్యిమని మోత వస్తుంది. తప్పు మైకుదా, వైరుదా, విండోస్‌దా, ఇంట్లో కరెంటుదా? అన్నీ కలిపేశాక తేల్చడం చాలా కష్టం.

అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి ఒక్కటే. ఒక వస్తువు కలపండి, చెవితో వినండి, బాగుందని తేలాకే రెండోది ముట్టుకోండి. ఎక్కడ ఆగిపోతే తప్పు అక్కడే ఉన్నట్టు. మొదటిసారి ఓ పూట పడుతుంది, ఆ పూట కేటాయించండి. 1948 డిసెంబర్ 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అప్పటినుంచి భక్తిరంజని, రేడియో నాటకాలు వింటూ పెరిగిన ప్రాంతం మనది. శుభ్రమైన గొంతు రేడియోలో ఎలా ఉంటుందో ఇక్కడి శ్రోతలకు బాగా తెలుసు. వెనక మోత ఉంటే పాట ఎంత బాగున్నా రెండో నిమిషం దాకా ఆగరు.

ముందు బల్లమీద పెట్టుకోవాల్సినవి

మొదటి ఇంటర్‌ఫేస్‌కి రెండు ఇన్‌పుట్లు చాలని నా అభిప్రాయం. ఒకటి గొంతుకి, రెండోది వీణకో హార్మోనియానికో వయొలిన్‌కో. ఫోకస్‌రైట్, బెరింగర్, ఆడియెంట్, మోటూ, ఎం-ఆడియో ఇలా ఏ కంపెనీదైనా కలిపే తీరు దాదాపు ఒకటే.

మైకు దగ్గర ఒక సంగతి చూసుకోండి. యూఎస్‌బీ మైకు అయితే అది ఇంటర్‌ఫేస్‌కి కలవదు. దానిలోపలే ఓ చిన్న ఇంటర్‌ఫేస్ ఉంటుంది, నేరుగా కంప్యూటర్‌కే పెట్టాలి. మనకు కావాల్సింది అడుగున మూడు పిన్నులుండే ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు. సౌండ్ సామాను అమ్మేవాళ్లు దీన్ని క్యానన్ పిన్ అంటారు. వైరు కూడా రెండు కొసలా క్యానన్ ఉన్నదే కావాలి. చవక కండెన్సర్ మైకులతో (పనిచేయడానికి బయటినుంచి కరెంటు కావాల్సిన రకం) పాటు ఒక కొస క్యానన్, రెండో కొస ఫోన్ హెడ్‌సెట్ లాంటి సన్నపిన్ను ఉన్న వైరు ఇస్తుంటారు. అది ఇంటర్‌ఫేస్‌కి పనికిరాదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ ఒకటి ఉండాలి. ఇంటర్‌ఫేస్‌కి ఉండే హెడ్‌ఫోన్ రంధ్రం సాధారణంగా 6.35 మిల్లీమీటర్లది. మీ హెడ్‌ఫోన్ పిన్ను 3.5 మిల్లీమీటర్లది అయితే మధ్యలో కన్వర్టర్ కావాలి. షాపులో పీ-38 స్టీరియో కన్వర్టర్ అని అడగండి. మోనోది ఇస్తే ఒక చెవిలోనే వినబడుతుంది.

డ్రైవర్ ముందు, వైరు తర్వాత

డ్రైవర్ అంటే ఇంటర్‌ఫేస్‌తో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కి నేర్పే చిన్న సాఫ్ట్‌వేర్. మ్యాక్ అయితే చాలా ఇంటర్‌ఫేస్‌లకు డ్రైవర్ అక్కర్లేదు. పెట్టగానే గుర్తుపడుతుంది. లినక్స్‌లోనూ ఎక్కువ శాతం అంతే. శ్రద్ధ పెట్టాల్సింది విండోస్ దగ్గర.

విండోస్‌లో శబ్దం మామూలుగా సిస్టమ్ మిక్సర్ గుండా వెళ్తుంది. పాట వినడానికి అది బాగానే ఉంటుంది. పాడుతూ మన గొంతు మనం వినాలంటే మాత్రం ఆలస్యం తెలిసిపోతుంది. ఆ దారి తప్పించి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఇంటర్‌ఫేస్‌తో నేరుగా మాట్లాడించేది ఏసియో. 1997లో స్టైన్‌బర్గ్ కంపెనీ తెచ్చిన పద్ధతి ఇది, నేటికీ అదే నడుస్తోంది. మీ ఇంటర్‌ఫేస్ కంపెనీ సొంత ఏసియో డ్రైవర్ ఇస్తే అదే వేసుకోండి. అలాంటిది లేనప్పుడే ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ వైపు చూడండి.

ఇంటర్‌ఫేస్ తిరగేసి అడుగున మోడల్ పేరు, ఎన్నో తరమో చదవండి. ఒకే పేరుతో రెండో తరం, మూడో తరం, నాలుగో తరం ఉంటాయి, వాటికి డ్రైవర్లు వేరుగా ఉండొచ్చు. డ్రైవర్ కంపెనీ సొంత సైటు నుంచే దించుకోండి. అన్ని కంపెనీల డ్రైవర్లూ ఒకేచోట ఇస్తామనే సైట్ల జోలికి పోవద్దు. ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్ ఓసారి రీస్టార్ట్ చేసి, అప్పుడు యూఎస్‌బీ వైరు పట్టుకోండి. వైరు ముందే పెట్టమని మీ మోడల్ మాన్యువల్లో ఉంటే దాని మాటే వినండి.

యూఎస్‌బీ పెట్టి, ముందు పాట వినండి

డెస్క్‌టాప్ అయితే వెనకవైపు పోర్టులో పెట్టండి. ముందువైపు పోర్టులు లోపల మరో వైరు మీదుగా మదర్‌బోర్డుకి వెళ్తాయి, కొన్ని క్యాబినెట్లలో ఆ వైరు నాసిరకంగా ఉంటుంది. యూఎస్‌బీ హబ్ వాడకండి. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు. కండెన్సర్ మైకుకి కావాల్సిన 48 వోల్టులు సైతం ఇంటర్‌ఫేస్ ఆ కాస్తలోంచే తయారు చేసుకోవాలి. మౌసు, కీబోర్డు, పెన్‌డ్రైవ్ పక్కన కూర్చుని పంచుకుంటే చాలకపోవచ్చు. వైరు డబ్బాలో వచ్చినదే వాడండి. ఫోన్ చార్జింగ్ వైర్లలో కొన్నిట్లో డేటా తీగలే ఉండవు. లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కి మాత్రం ఏమీ కనబడదు.

ఇప్పుడు మైకు ముట్టుకోవద్దు. హెడ్‌ఫోన్ మాత్రం ఇంటర్‌ఫేస్‌లో పెట్టండి, హెడ్‌ఫోన్ వాల్యూమ్ బాగా తగ్గించి ఉంచండి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్ తెరిచి, అవుట్‌పుట్‌గా ఇంటర్‌ఫేస్ పేరు ఎంచుకోండి. మ్యాక్‌లోనూ సిస్టమ్ సెట్టింగ్స్, సౌండ్. మీకు బాగా తెలిసిన పాట ఒకటి పెట్టి నెమ్మదిగా వాల్యూమ్ పెంచండి.

రెండు చెవుల్లోనూ శుభ్రంగా వినబడిందా? అయితే యూఎస్‌బీ వైరు, పోర్టు, డ్రైవర్, ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్ అన్నీ ఒక్క దెబ్బతో పరీక్ష పాసైనట్టే. ఇక మైకు నుంచి గొంతు రాకపోతే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గింది. ఈ ఒక్క అడుగు దాటేయకండి.

ఇంటర్‌ఫేస్ పెట్టగానే కంప్యూటర్ మామూలు స్పీకర్లు మూగబోతే కంగారు పడొద్దు. శబ్దం ఇంటర్‌ఫేస్ వైపు మళ్లింది, అంతే.

మైకు కలపడం

ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ మీట, అంటే మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే మీట, పూర్తిగా తగ్గించండి. 48 వోల్టుల బటన్ ఆపి ఉండాలి. వైరులో రంధ్రాలున్న కొస మైకుకి, పిన్నులున్న కొస ఇంటర్‌ఫేస్‌కి. టక్కున చప్పుడయ్యేదాకా నొక్కండి, సగం దూరితే గరగరమంటుంది.

కండెన్సర్ మైకుకి 48 వోల్టులు తప్పనిసరి. బటన్ నొక్కాక కొన్ని క్షణాలు ఆగండి. సభల్లో చేత్తో పట్టుకునే రకం డైనమిక్ మైకుకి ఇది అక్కర్లేదు. సరైన క్యానన్ వైరుతో పెట్టినంతవరకు బటన్ పొరపాటున నొక్కినా దానికి నష్టం లేదు. పాత రిబ్బన్ మైకులకు మాత్రం ప్రమాదం, వాటికి నొక్కకండి. 48 వోల్టులు ఆన్‌లో ఉండగా మైకు వైరు పీకడం, పెట్టడం చేయొద్దు. ముందు ఆపండి, కొన్ని క్షణాలాగండి, తర్వాత వైరు జోలికి వెళ్లండి.

వీణకో గిటార్‌కో పికప్ ఉంటే దాన్ని లావు జాక్‌తో రెండో ఇన్‌పుట్‌లో పెట్టి, ఇన్‌స్ట్రుమెంట్ అని రాసిన బటన్ నొక్కండి. అది నొక్కకపోతే నాదం పల్చగా, నిర్జీవంగా వస్తుంది. ఎలక్ట్రానిక్ కీబోర్డు అయితే ఆ బటన్ అక్కర్లేదు, లైన్ చాలు. హార్మోనియానికి మైకే గతి. దాన్ని బెలోస్‌కి దూరంగా, మెట్ల వైపు పెట్టండి, గాలి చప్పుడు తక్కువ పడుతుంది.

శ్రుతి పెట్టె సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గదిలో శ్రుతి మోగుతుంటే అది గొంతుతో పాటు మైకులోకి వెళ్లిపోతుంది. తర్వాత గొంతులో ఒక ముక్క కత్తిరించి అతికించాలంటే అతుకు దగ్గర శ్రుతి తెగినట్టు వినబడుతుంది. శ్రుతిని సాఫ్ట్‌వేర్‌లో వేరే ట్రాక్‌గా పెట్టుకుని హెడ్‌ఫోన్‌లో వింటూ పాడండి. గొంతు విడిగా, శ్రుతి విడిగా ఉంటాయి.

సాఫ్ట్‌వేర్‌లో మూడు అంకెలు

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో ఆడాసిటీ ఉచితం. మ్యాక్‌లో గరాజ్‌బ్యాండ్ ఉచితం. రీపర్ 60 రోజులు అన్ని సదుపాయాలతో వాడి చూసి కొనుక్కోవచ్చు. మాట మాత్రమే రికార్డు చేసేవారికి ఆడాసిటీ సరిపోతుంది. పాట, వాద్యం, శ్రుతి విడివిడిగా చేసేవాళ్లు రీపర్ వైపు వెళ్తే మంచిది. రీపర్‌లో ప్రిఫరెన్సెస్, ఆడియో, డివైస్ దగ్గర ఏసియో ఎంచుకుని మీ ఇంటర్‌ఫేస్ డ్రైవర్ చూపించండి. ఆడాసిటీలో ఆడియో సెటప్ దగ్గర హోస్ట్‌గా విండోస్ వాసాపీ, రికార్డింగ్ డివైస్‌గా ఇంటర్‌ఫేస్ పెట్టండి.

అన్నీ సరిగ్గా పెట్టినా సాఫ్ట్‌వేర్‌లో శబ్దం ఎంత వస్తోందో చూపే మీటర్ కదలకపోతే విండోస్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో మైక్రోఫోన్ చూడండి. డెస్క్‌టాప్ యాప్‌లకు మైకు వాడే అనుమతి ఆపేసి ఉంటే గొంతు లోపలికి రాదు. మ్యాక్‌లోనూ ఇలాంటి అనుమతే ఉంది.

ఇక అంకెలు. మొదటిది శాంపిల్ రేటు, అంటే శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలిచి రాసుకోవాలో చెప్పే అంకె. వీడియో కోసమైతే 48 కిలోహెర్ట్జ్, సీడీ కోసమైతే 44.1. ఏదో ఒకటి పెట్టుకుని విండోస్‌లో, ఇంటర్‌ఫేస్ ప్యానెల్లో, సాఫ్ట్‌వేర్‌లో మూడుచోట్లా అదే ఉంచండి. 44.1లో చేసిన రికార్డింగ్‌ని మార్పిడి లేకుండా 48లో నడిపిస్తే వేగం పెరుగుతుంది, శ్రుతి కూడా దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. పాడినవాళ్లు గొంతు గుర్తుపడతారు గానీ శ్రుతి కలవదు.

రెండోది బిట్ డెప్త్, అంటే ఒక్కో కొలతని ఎంత సూక్ష్మంగా రాసుకోవాలో చెప్పే అంకె. 24 పెట్టండి, ఇంకేం ఆలోచించకండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనోలో నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు, గంటకి అర గిగాబైట్ చిల్లర. ఈ రోజుల్లో అది పెద్ద చోటు కాదు.

మూడోది బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే శాంపిల్స్ (కొలతలు) ఎన్నో చెప్పే అంకె. గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి చెవికి చేరడానికి పట్టే ఆలస్యం దీనిమీదే ఆధారపడుతుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిల్స్ అంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు, 256 అయితే 5.3, 1024 అయితే 21. రానూపోనూ కలిపి రెట్టింపవుతుంది, పైగా డ్రైవర్ కొంత చేరుస్తుంది. పాడేటప్పుడు 128 గానీ 256 గానీ పెట్టండి. చిటపటలాడుతుంటే కంప్యూటర్ అందుకోలేకపోతోందని అర్థం, ఒక మెట్టు పెంచండి. పాడటం అయిపోయి మిక్సింగ్‌కి కూర్చున్నప్పుడు 1024 పెట్టుకోవచ్చు.

పాత కంప్యూటర్ ఉన్నవాళ్లకు తేలికైన దారి ఉంది. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అనే బటన్ చూడండి. అది నొక్కితే గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండా ఇంటర్‌ఫేస్ నుంచే చెవికి వస్తుంది, ఆలస్యం దాదాపు ఉండదు. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ మానిటరింగ్, అంటే గొంతుని కంప్యూటర్ గుండా తిరిగి వినిపించే సదుపాయం, ఆపేయాలి. రెండూ ఆన్‌లో ఉంటే మీ గొంతు రెండుసార్లు వినబడి తాళం తప్పిస్తుంది.

ఒక్క మైకుతో పాడుతూ స్టీరియో ట్రాక్ పెడితే గొంతు ఎడమ చెవిలోనే వస్తుంది. మొదటి ఇన్‌పుట్ అంటే ఎడమ, రెండోది కుడి. ఇంటర్‌ఫేస్ పాడైందనుకుని వెనక్కి ఇచ్చేయకండి, ట్రాక్‌ని మోనో చేసి ఇన్‌పుట్ 1 ఎంచుకోండి.

గెయిన్: తొందరపడకూడని చోటు

డిజిటల్ రికార్డింగ్‌లో సున్నా డెసిబెల్ అంటే పైకప్పు. ఆ కప్పు తగిలిన శబ్దం నలిగిపోతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని మునుపటిలా తెచ్చివ్వలేదు. అందుకే పాట మామూలుగా నడిచేటప్పుడు మీటర్ మైనస్ 18 దగ్గర, గొంతు ఎత్తినప్పుడు మైనస్ 12 నుంచి మైనస్ 6 మధ్య ఉండేలా గెయిన్ పెట్టుకోండి. తక్కువగా ఉందని భయపడకండి. 24 బిట్‌కి లెక్క ప్రకారం 144 డెసిబెల్స్ వ్యాప్తి ఉంది, 16 బిట్‌కి 96. తక్కువలో రికార్డైన గొంతుని తర్వాత పెంచుకోవచ్చు.

గెయిన్ పెట్టేటప్పుడు అందరూ చేసేది "హలో, మైక్ టెస్టింగ్" అనడం. దానితో గెయిన్ తేలదు. పద్యం పాడేవారు మాట్లాడే గొంతుకీ, పద్యం చివర రాగం తీసి తారస్థాయికి ఎక్కించే గొంతుకీ ఎంత తేడా ఉంటుందో మీకు తెలుసు. ఆ రాగాన్నే, ఆ ఊపుతోనే పాడండి. ఇంట్లోవాళ్లు వింటున్నారని సంకోచిస్తూ సగం గొంతుతో పాడితే అసలు టేకులో ఎర్రలైటు వెలుగుతుంది. పూర్తి గొంతుతో పాడుతూ, మీటర్ మైనస్ 6 దాటని చోట గెయిన్ ఆపి, అక్కణ్నించి ఇంకాస్త తగ్గించండి. రికార్డింగ్ ఊపులో మనం పరీక్షలో కంటే గట్టిగానే పాడతాం.

మైకుకి నోటికి జానెడు దూరం ఉంచండి. కథ చదివేవారైతే బెత్తెడు దూరంలో కూర్చున్నా సరే, గొంతు నిండుగా వస్తుంది. భ, ఫ, ప అక్షరాల దగ్గర ఊపిరి నేరుగా మైకుకి తగిలి ధబ్‌మంటుంది. మైకుని నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి జరిపి, నోటివైపు తిప్పి పెడితే ఆ గాలి పక్కనుంచి పోతుంది. పెద్ద కండెన్సర్ మైకుల్లో చాలావాటికి పైకొసలో కాదు, పక్కన కంపెనీ గుర్తు ఉన్న వైపు పాడాలి. పైకొసకి పాడితే గొంతు దూరం నుంచి వచ్చినట్టుంటుంది.

గుయ్యిమనే మోత, ఫ్యాను, వీధి

ఇన్ని చేశాక హెడ్‌ఫోన్‌లో సన్నగా మోత వినబడుతోందా? మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ మోత, దాని రెట్టింపులు గుయ్యిమంటూ వస్తాయి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పీకి బ్యాటరీమీద నడిపి వినండి. మోత పోతే మైకూ ఇంటర్‌ఫేసూ బాగానే ఉన్నాయి, తేడా చార్జర్‌లోనో ఎర్తింగ్‌లోనో ఉంది. డెస్క్‌టాప్, స్పీకర్లు వేర్వేరు గోడ సాకెట్లలో ఉంటే రెండిట్నీ ఒకే మంచి బోర్డు మీదికి తెండి.

పాత ఇళ్లలో మూడో రంధ్రానికి వెనక ఎర్త్ తీగ లేకుండానే సాకెట్ బిగించి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. ఎండాకాలం ఎర్త్ గుంత పూర్తిగా ఎండిపోయినా పట్టు తగ్గుతుంది, అందులో నీళ్లు పోయించండి. మోత పోతుందని ఎవరో చెప్పారని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం మాత్రం చేయొద్దు. ఆ పిన్ను మీ ప్రాణం కోసం ఉంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మోత ఎక్కువైతే అది స్క్వేర్ వేవ్ రకం ఇన్వర్టర్ కావచ్చు, కరెంటు వచ్చేదాకా ఆగండి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పక్కగదిలో ఉంచండి.

ఫ్యాన్ ఆపక తప్పదు. మే నెలలో విజయవాడలో అది ఎంత కష్టమో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున, వీధి లేవకముందు, ఒక్కో చరణంగా రికార్డు చేసి మధ్యలో ఫ్యాన్ వేసుకోండి. గెయిన్ కదల్చకండి, మైకు దూరం మార్చకండి, ముక్కలు చక్కగా అతుకుతాయి. పరుపు, బొంతలు, బట్టల బీరువా ఉన్న పడకగది ఖాళీ హాలు కంటే ఎంతో మేలు, గొంతు గోడలకి కొట్టుకుని తిరిగిరాదు. ఎక్కువ మైకులు వెనకవైపు శబ్దాన్ని తక్కువ పట్టుకుంటాయి, కాబట్టి మైకు వీపు కిటికీ వైపు, మీ వీపు బీరువా వైపు ఉండాలి.

కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడు మైకులో పడుతుంటే కంప్యూటర్‌ని దూరం జరపండి. అప్పుడు పొడవు పెంచాల్సింది మైకు వైరుని. క్యానన్ వైరులో ఒకే శబ్దం రెండు తీగల్లో తలకిందులుగా ప్రయాణిస్తుంది. దారిలో రెండిట్లోనూ ఒకేలా చేరిన మోత ఇంటర్‌ఫేస్ దగ్గర కొట్టేసుకుపోతుంది. అందుకే 20 అడుగులున్నా బాధలేదు. యూఎస్‌బీ 2.0 వైరు 5 మీటర్లు దాటకూడదు, అసలు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

చివరగా స్పీకర్లు, ఆపే వరుస

స్పీకర్లు కొన్నాక ఇంటర్‌ఫేస్ వెనక ఎడమ, కుడి అవుట్‌పుట్లకి కలపండి. స్పీకర్లు అన్నిటికంటే చివర ఆన్ చేయాలి, అన్నిటికంటే ముందు ఆపాలి. మైకు తెరిచి ఉన్నప్పుడు స్పీకర్ వాల్యూమ్ సున్నాలో ఉండాలి, లేకపోతే కూతపెడుతుంది.

పని అయ్యాక స్పీకర్లు, గెయిన్, 48 వోల్టులు ఈ వరుసలో తగ్గించి ఆపండి. కొన్ని క్షణాల తర్వాత మైకు తీయండి. కండెన్సర్ మైకుని స్టాండ్ మీదే వదలకండి, కృష్ణ ఒడ్డున వానాకాలపు తేమ దాని పొరకి మంచిది కాదు. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఆ రోజు రికార్డింగ్‌ని ఎడిటింగ్ మొదలుపెట్టకముందే, ఏమీ మార్చకుండా, వేరే డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసుకోండి.